ఓటి బిందెల వరస

పాత సామాన్ల బయ్యన్నకు కనబడిన సత్తు గిన్నెనల్లా తట్టి చూడందే నిద్రపట్టేది కాదు. పెళ్లి పంక్తిలో కూర్చున్నా సాంబారు గిన్నెను వాయించి బరువు చెప్పేవాడు. రెండువేల మూడు కరువులో యాడికి అనే ఊరి పక్కనున్న అతని పల్లె మగ్గిపోతుంటే, ఈ మహానుభావుడికి మాత్రం యోగం పట్టింది.

లక్ష్మీపతి అనే ఇంజినీరు రాప్తాడు దగ్గర చిన్న కొలిమి పెట్టాడు. చేలల్లోని తెల్ల పలుగురాళ్ల నుంచి సిలికాన్ తీస్తాడట. అందరూ బొగ్గుతో తీస్తారు, ఈయన పొగ లేకుండా పాత అల్యూమినియంతో, అంటే మన సత్తుతో, తీస్తాడట. ఆ సత్తు తెచ్చిచ్చే పని బయ్యన్నది. టీకొట్టులో అందరికీ వివరించేవాడు.

“ఏమప్పా, రాయి ఆక్సిజన్ను పట్టుకోని యిడవదు. సత్తు పోయి గుంజుకుంటాది. మిగిలేదే సిలికాను. కంప్యూటర్లు దాంతోనే చేస్తారు.”

సత్తు కోసం ఇల్లిల్లూ తిరిగినా ఒక్కరూ మూత కూడా ఇవ్వలేదు. ఒకనాడు తెల్లవారుతూనే చూస్తే రోడ్డు పక్కన ఓటి సత్తు బిందెలు, సొట్ట బిందెలు బారులు తీరి ఉన్నాయి. అడగందే అమ్మయినా పెట్టదు, అడిగినందుకు ఊరే పెట్టిందనుకుని ఆటోలో కొలిమికి వేసుకుపోయాడు. మధ్యాహ్నానికి అన్నీ కరిగిపోయాయి.

సాయంత్రం ఇంటికొస్తే వాకిట్లో ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. నీళ్ల టాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందుకని, ఎన్నడూ నీళ్లకు పోని బయ్యన్నకు తెలీదుగానీ, వాళ్లు ఓటి బిందెలను వరసలో పెట్టి, బండి రాగానే మంచి బిందెలు తెచ్చుకుంటారు. ఆ రోజు బండి వచ్చింది, వరస లేదు. అందరూ ముందే. తోపులాటలో సగం నీళ్లు నేలపాలయ్యాయి.

“మా వరస యాడప్పా?” అంది గంగక్క, ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పలేని మనిషి.

బయ్యన్న జేబులోంచి బూడిదరంగు సిలికాను ముక్క తీశాడు. “అంతా ఇందులోనే ఉండాదక్కా.”

తన్నులు తప్పాయిగానీ శిక్ష పడింది. కొత్త బిందెలు కొనిచ్చేదాకా బయ్యన్నే వరస. రోడ్డు పక్కన కూర్చుని, ఎవరు ముందు చెబితే వాళ్ల పేరు ముందు గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ టాంకరు వచ్చింది. బయ్యన్న గొంతు చించుకుని గంగక్క మొదలు అందరినీ పిలిచాడు. ఒక్క గొడవ లేదు. పొంగిపోయాడు పాపం. బండి ఖాళీ అయి కదిలాక చూస్తే, భార్య మల్లీశ్వరి ఖాళీ బిందెతో నిలబడి ఉంది. పొద్దున అందరికంటే ముందు ఇంట్లో పేరు చెప్పింది ఆమే. వినకుండానే ఊఁ కొట్టాడు.

బయ్యన్న సిగ్గుతో తల గోక్కున్నాడు. “నువ్వెప్పుడొచ్చినావే?” అన్నాడు.

“పెండ్లయినకాడ్నుంచీ ఈడనే ఉండా,” అంది మల్లీశ్వరి.