మొదటి గాడిద నేనే

ఆ రోజుల్లో ఉద్యోగం నిలబడాలంటే ఏం చేయమన్నా చేసేవాళ్లం (ఇప్పుడేం వెలగబెడుతున్నావని అడక్కండి, చెప్పుకోవాల్సి వస్తుంది). కోస్తా నుంచి డిగ్రీ పట్టుకొచ్చి, నాచారంలో బాబాయి ఇంట్లో మకాం వేసి, ఉప్పల్‌లో ఒక బుల్లి కంపెనీలో చేరాను. పసిపిల్లలు ఫోన్లో జంతువు బొమ్మ నొక్కితే అది అరిచే యాప్ తయారుచేసేవాళ్లం. హోదా సౌండ్ ఇంజినీరు, ఆస్తి ఒక మైకు. ఆవు, మేక, కోడి తేలిగ్గానే దొరికాయి. మా వీధి కుక్కలైతే పిలవకుండానే సహకరించాయి. గాడిద దగ్గరే బండి ఆగిపోయింది.

నెట్‌లోంచి తీసుకుందామంటే మా బాసు ఒప్పుకోలేదు. "ఎవడన్న కేసేస్తే కోర్టుకు నువ్వు తిరుగుతవా? అసలు గాడిద ఒర్రుడే గావాలె. సోమవారం దాక గాడిద రాకపోతే నువ్వు గూడ రాకు" అన్నాడు. ఒర్రడమంటే ఏమిటో బాబాయిని అడిగి తెలుసుకున్నాను. మా వైపు గాడిద ఓండ్ర పెడుతుంది, ఇక్కడ ఒర్రుతుంది. ఏదైతేనేం, నా ఉద్యోగం దాని గొంతులో ఇరుక్కుంది.

మా అదృష్టం కొద్దీ ఆదివారం పొద్దున్న "గాడిద పాలో..." అంటూ ఒకాయన మా వీధిలోకి తల్లి గాడిదనీ పిల్లనీ తోలుకొచ్చాడు. దగ్గు తగ్గుతుందని పసివాళ్లకు ఆ పాలు గుక్కెడు పట్టిస్తారు. తల్లులు చంకలో పిల్లలతో వచ్చారు, నేను మైకుతో వెళ్లాను. గాడిద నన్ను ఎగాదిగా చూసి మైకును నాకింది. అంతకు మించి ఒక్క మాట లేదు.

"ఇది ఎప్పుడు అరుస్తుందన్నా?"

"దానికి బుద్ధి పుడితే ఒర్రుతది. మీకు పాలు గావాల్నా, పాట గావాల్నా సార్?"

గేటు దగ్గర కాఫీ తాగుతున్న బాబాయి రంగంలోకి దిగాడు. "ఆకలేస్తే అరుస్తుందిరా" అన్నాడు. క్యారెట్ పెట్టాం, తిని ఊరుకుంది. "కోపమొస్తే అరుస్తుందేమో" అన్నాడు. కోపం తెప్పించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి, "ఇంకో గాడిద గొంతు వినబడితే తోడు దొరికిందని బదులిస్తుందిరా" అన్నాడు. వీధిలో ఇంకో గాడిద లేదు. బాబాయి నా వైపు అదోలా చూశాడు.

పాలాయన అప్పటికే సామాన్లు సర్దుకుంటున్నాడు. నాకు సోమవారం గుర్తొచ్చింది, ఉద్యోగం పోతే ఇంటికి చెప్పాల్సిన అబద్ధం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, ఊపిరి పీలుస్తూ "ఈఁ" అని, వదులుతూ "హాఁ" అని, సిగ్గు విడిచి ఓండ్ర పెట్టాను. బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఏడుస్తున్న పసివాడు ఏడుపు మానేశాడు. గాడిద చెవులు నిక్కబొడుచుకుని, మెడ చాచి, పళ్లన్నీ చూపించి నాకు బదులిచ్చింది. మైకులో రెండు గొంతులూ వరసగా ఎక్కాయి.

సోమవారం రెండూ వినిపించాను. బాసు కళ్లు మూసుకుని విన్నాడు. "మొదటిది ఒరిజినల్. ఏం దుఃఖమున్నదిరా దాంట్ల! రెండోది ఎవడో యాక్టింగ్ జేసినట్టున్నది, తీసెయ్" అన్నాడు.

"సార్, మొదటిది నేను" అన్నాను.

"నువ్వే రికార్డు జేసినవని నాకెర్కనేరా. శాబాష్, రేపటి సంది పర్మనెంట్!"

ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. యాప్ మాత్రం ఇంకా బతికే ఉంది. మొన్న బోడుప్పల్‌లో మా ఫ్లాట్‌లో మూడేళ్ల కూతురు నా ఫోన్లో గాడిద బొమ్మ నొక్కింది. అంతమంది ముందు నడివీధిలో కళ్లు మూసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు హాలంతా దద్దరిల్లేలా అరిచాడు. బాసు చెప్పింది నిజమే, ఎంత దుఃఖంగా అరిచాడో పాపం! వాడు నాకు చెప్పలేనంత ముద్దొచ్చాడు.

"గాడిద ఎందుకు అరుస్తుంది నాన్నా?" అని అడిగింది.

"ఉద్యోగం కోసమమ్మా" అన్నాను.