ఎర్త్ ముట్టిన చేయి

ఇప్పటి పిల్లలు ఏ పని చెప్పినా ముందు ఎందుకని అడుగుతారు. మా కాలంలో, అంటే మరీ తాతల కాలం కాదు, ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటర్లు ఇంకా మూతపడని కాలంలో, ఉస్తాదును ప్రశ్న అడిగితే ఎదురు మాట్లాడినట్టే లెక్క. మా ఉస్తాదుకు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉండేది. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడట. బజారంతా ఈయన్ని చాచా అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చాచా పాఠాలన్నీ ఒక్కో ముక్కలో అయిపోయేవి. "ర్యామ్ ముట్టే ముందు ఎర్త్ ముట్టాలె." అయిపోయింది. "ర్యామ్‌లు జోడీగ పెట్టాలె." అదీ అయిపోయింది. ర్యామ్ అంటే కంప్యూటర్‌కు మెమరీ, పని చేస్తున్నంతసేపూ విషయాలు గుర్తుంచుకునే సన్నటి పచ్చ పలక. ఎర్త్ ఎందుకు ముట్టాలో, జోడీ ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. (అడిగితే ఏమని తిడతాడో కూడా నేనే ఊహించుకుని భయపడి ఊరుకునేవాణ్ణి.)

అలా కీబోర్డులు తుడుస్తూ, స్క్రూలు ఏరుతూ ఉండగా, భద్రాచలం దగ్గర ఒక ప్రైవేటు దవాఖానా నుంచి ఫోన్ వచ్చింది. పేషెంట్ల వివరాలన్నీ ఉండే సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోంది, మెమరీ పెంచాలి. చాచా ఇంట్లో పెళ్లి. కదలడానికి లేదు. కాసేపు గడ్డం గోక్కుని నా వైపు చూశాడు. "నువ్వే పో బేటా. సక్కగ చేసుకొని వస్తే నువ్వు మెకానిక్‌వి. లేకుంటే మల్ల కీబోర్డులే." ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. కారేపల్లిలో మా నాయిన అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. "ఇంకెన్నాళ్లురా తుడుసుడు? మిర్చి యార్డుల బస్తాలు మోసుకున్నా నయమే" అని పొద్దున్నే అని పంపించాడు. ఈ పని చెడితే నా కంప్యూటర్ చదువు యార్డులో తేలుతుందన్నమాట.

రెండు కొత్త ర్యామ్‌లున్న డబ్బాను బస్సులో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. (డబ్బాలో ఏందని కండక్టర్ అడిగితే ర్యామ్ అన్నాను. "భద్రాచలంకు రాముణ్ణి తీసుకపోతున్నవా? ఆయన ఆడనే ఉండె గద తమ్మీ!" అని బస్సంతా నవ్వించాడు.)

దవాఖానాలో చీటీలు రాసే అక్క నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు దాకా చూసింది. ఎవరూ రాలేదు. "జల్దీ చెయ్యి తమ్మీ. డాక్టరమ్మ అన్నం తిని వచ్చేవరకు పెట్టె నడవాలె. అడివిల నుంచి వచ్చినోళ్లు ఉన్నరు, బస్సు పోతే మల్ల దొరకది." బెంచీ మీద ఒక అవ్వ, పక్కనే ఆమె ముసలాయన. పెట్టెకు ఏమైందని అవ్వ అడిగితే, దానికి మతిమరుపు వచ్చిందనీ, ఈ పిల్లగాడు డబ్బాలో మతి తెచ్చాడనీ చెప్పింది అక్క. అవ్వ నన్ను ఆశగా చూసింది. "మా ముసలోనికి గూడ ఒకటి ఎయ్యరాదు బిడ్డా? పొద్దున తిన్నది మాపుకు యాదుండదు." అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు, సంగతేమిటో తెలియకుండానే.

సర్వర్ గదిలో చెప్పులు విడిచి, సర్వర్ ఆపి, మూత తీశాను. ఇక ఎర్త్ ముట్టాలి, ఎర్త్ అంటే భూమే గదా. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, కళ్లకు అద్దుకున్నాను. మా నాయిన నాగలి పట్టే ముందు చేసేదీ అదే. (కింద పరిచి ఉన్నది ప్లాస్టిక్ పట్టా అన్న సంగతి నాకు పట్టలేదు.) తలుపు దగ్గర నిలబడ్డ అక్క ముఖంలో మొదటిసారి నమ్మకం కనిపించింది. "బాగ భక్తి ఉన్న పిల్లగాడు" అంది. తర్వాత జోడీ. ర్యామ్ పెట్టే ఖాళీ స్లాట్లు చాలానే ఉన్నాయి. రెండు ర్యామ్‌లనూ పక్కపక్కనే, పీటల మీద కూర్చోబెట్టినట్టు ముచ్చటగా కూర్చోబెట్టి, స్విచ్ వేశాను.

సర్వర్ వరికోత మిషన్ లాగా అరవడం మొదలుపెట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు, మెమరీ అమరిక తప్పని. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అదే అరుపు. బయట ఎవరో "డాక్టరమ్మ వచ్చింది" అన్నారు. నాకు మిర్చి యార్డు ఘాటు అప్పుడే ముక్కుకు తగిలింది. ఇక సిగ్గు విడిచి చాచాకు ఫోన్ చేశాను.

"ఎర్త్ ముట్టినవా?"

"ముట్టిన చాచా."

"సక్కగ ముట్టినవా?"

"రెండు చేతులతోటి ముట్టిన. కండ్లకు గూడ అద్దుకున్న."

పెళ్లింటి బ్యాండు మోతలో చాచా గొంతు పెంచాడు.

"కండ్లకెందుకురా?"

"దండం పెడితే అద్దుకోమా చాచా?"

"యా అల్లా! ఎర్త్ అంటే పెట్టె ఇనుమురా! నీ ఒంట్ల కరెంటు దాంట్లకు పోవాలె, లేకుంటే ర్యామ్ కాలిపోతది. జోడీ ఎట్ల పెట్టినవ్?"

"పక్కపక్కన."

"పెండ్లి నా ఇంట్లరా, సర్వర్ల కాదు! దానికి రెండు ప్రాసెసర్లుంటయి. ఈడ ఒకటి, ఆడ ఒకటి పెట్టాలె. తెల్ల క్లిప్పులున్న స్లాట్లు చూస్కో."

ఇనుము ముట్టి, జోడీని విడదీసి, చెరొక ప్రాసెసర్ పక్కనా పెట్టాను. అరుపు తగ్గింది. తెర మీద మెమరీ మొత్తం కనిపించింది. ర్యామ్‌లు కాలిపోకపోవడం కేవలం నా అదృష్టం. అవ్వకు చీటీ అందింది, వాళ్ల బస్సు కూడా దొరికిందని తర్వాత అక్క చెప్పింది.

పెళ్లి అయ్యాక చాచా దుకాణానికి వచ్చాడు. నేను ముందుజాగ్రత్తగా కీబోర్డు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"భూమికి దండం పెట్టమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మీరే."

"నేనా?"

"ర్యామ్ పట్టే ముందు మీరు కిందికి వంగి చెయ్యి ఆనిచ్చి, కండ్లు మూసి ఏదో చదువుతరు గద. దండమే అనుకున్న."

చాచా నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అది బిస్మిల్లా రా, అల్లాను తలుసుకునుడు. ర్యామ్ కోసం కాదు, నా కోసం. చేతులు వణకకుంట."

నోరు జారి అడిగేశాను. "ఇన్నేండ్లయినా వణుకుతయా చాచా?"

"రోజూ" అన్నాడాయన, నా చేతిలో గుడ్డ తీసుకుని స్క్రూడ్రైవర్ పెడుతూ. "ఇనుము మాత్రం ముందుగాల ముట్టు మెకానిక్. దండం నీ ఇష్టం."

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకుని, ఫోన్‌లో మాట్లాడుతూనే సర్వర్ మూత తీసేస్తారు. తప్పు చేయరు, భయపడరు. ఎప్పుడైనా నేను ర్యామ్ చేతిలోకి తీసుకుంటే, నా వేళ్లు వణకడం చూసి, "సార్, ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండి" అంటారు. అలాగేనని చెప్పి నవ్వుకుంటాను.