మా వదిన బాంబు

మొన్న మన విమానాలు సరిహద్దు అవతలికి వెళ్ళి బాంబులు వేసి క్షేమంగా తిరిగొచ్చాయని టీవీలో చెప్పిన పొద్దున, పలాసలో మా వీధి వాళ్ళు టపాకాయలు కాల్చి, వచ్చేపోయే వాళ్ళందరికీ మిఠాయి పంచారు. నా చేతిలోనూ రెండు పెట్టారు. ఈ వార్త అక్కుపల్లిలో ఉన్న మా వదిన చెవిన పడే ఉంటుంది, ఆవిడ ఎలా ఉందోనని నా మనసు పీకింది. మిఠాయి కొంగున ముడేసుకుని, మోకాళ్ళ నొప్పుల్ని తిట్టుకుంటూ ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా జీడితోటలు, డ్రైవరు సెల్‌ఫోన్లో విమానాల మోత. ప్రతి మలుపులోనూ అతను వెనక్కి తిరిగి "మామ్మా, ఇరగదీసేసినారు మనోళ్ళు" అనడమూ, నేను "నువ్వు ముందు రోడ్డు సూడు నాయినా" అనడమూ, ఇలాగే సాగింది ప్రయాణం.

వదిన అంటే మా ఆయనకు సొంత అప్ప. మా పక్క అక్కను అప్ప అంటారు. ఆవిడ భర్త సిపాయి. నేను మా అత్తారింటికి కోడలిగా రాకముందు జరిగిన యుద్ధంలో, శత్రువుల విమానం వేసిన బాంబుకు పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. దినాల రోజున ఆడవాళ్ళు వదినను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి గాజులు పగలగొట్టబోతే, రెండు చేతులూ చంకల్లో దాచేసుకుందట. "నా మొగుడి మీద ఏసినోడి నెత్తిన మా ఆయన పేర బాంబు పడాల. అది పడిన్నాడు నేనే పగలగొట్టుకుంటాను. అందాకా నా మీద సెయ్యేస్తే ఊరుకోను" అందట. మా అత్తగారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా కళ్ళొత్తుకునేది, ఆ వెంటనే "నా కూతురు అన్నదంటే అన్నదే" అని మురిసిపోయేది కూడా. ఊరు కొన్నాళ్ళు ముక్కున వేలేసుకుని తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. వదిన మాత్రం జీడి బట్టీలో పిక్కలు కొట్టి, ఆ నల్లబడిన వేళ్ళతోనే తమ్ముణ్ణి చదివించి, తీసుకెళ్ళి వాయుసేనలో చేర్పించింది. అతగాడికి పోస్టాఫీసు ఉద్యోగం మీద మనసుండేదట. ఎవరడిగారు!

మా సంబంధం తెచ్చిన పెద్దమనిషి పెళ్ళికొడుకు విమానం నడుపుతాడని మా నాన్నతో చెప్పాడు. పెళ్ళయ్యాక నేను ముచ్చటపడి అడిగితే, మా ఆయన "నేను నడపను, విమానం కింద పాకుతాను" అన్నాడు. తీరా చూస్తే ఆయన ఉద్యోగం బాంబులు తగిలించడం. వాటిని బండి మీద తోసుకొచ్చి, తోకలు బిగించి, రెక్కల కింద కొక్కేలకు ఎక్కించాలి. ఎర్రగుడ్డ కట్టిన పిన్ను ఒకటి ఉంటుందట. అది ఉన్నంతసేపూ బాంబు చచ్చినట్టు పడుంటుంది. విమానం కదిలే ముందు దాన్ని లాగి, చెయ్యెత్తి పైలట్‌కు చూపించాలి. యుద్ధం వస్తే తోటివాళ్ళు బాంబుల మీద సుద్దముక్కతో పేర్లూ తిట్లూ రాస్తారని కూడా చెప్పాడు. కొత్త పెళ్ళాం దగ్గర గొప్పకు చెప్పిన మాట అది. పక్కగదిలో పప్పు ఏరుతున్న వదిన వినేసింది.

మళ్ళీ యుద్ధమొస్తుందని అందరూ అనుకుంటున్న రోజుల్లో సెలవు మీదున్న మా ఆయన్ని వెంటనే రమ్మన్నారు. పలాస స్టేషన్లో రైలెక్కించడానికి వదినా నేనూ వెళ్ళాం. రైలు వచ్చే వేళకు ఆవిడ కొంగుచాటు నుంచి చిన్న సీసా తీసింది. నెయ్యేమో అనుకున్నాను. జీడితొక్క నూనె! దేనికంటినా నల్లటి మరక పోదు, ఒంటి మీద చుక్క పడితే బొబ్బలెక్కి, తోలూడిపోయే సరుకు.

"సుద్దతో రాత్తే గాలికి ఎగిరిపోద్ది. దీంతో రాయి. మీ బావ పేరు రాయి" అంది. మొగుడి పేరు ఆవిడ నోటితో పలకదు.

"సెయ్యి కాల్తాదప్పా" అన్నాడాయన.

"కాల్నీ."

నేను తెల్లారగట్ల లేచి చేసిచ్చిన కొబ్బరుండల డబ్బాను ఆ మహానుభావుడు ప్లాట్‌ఫారం మీదే మరిచిపోయాడు. సీసా మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

యుద్ధం గెలిచాం. మా ఆయన సెలవు మీద ఇంటికొచ్చాడు. కుడిచేతి మూడు వేళ్ళకూ కాలిన మచ్చలు. ఆ చెయ్యి చూసి నా ప్రాణం ఉసూరుమంది. వదిన గుమ్మంలో అడ్డంగా నిలబడి, కాళ్ళకు నీళ్ళయినా ఇవ్వకుండా "ఏసినారా?" అని అడిగింది. ఏసేశారని చెప్పెయ్యమని నేను వెనకనుంచి సైగలు చేశాను. అబద్ధమాడడం ఆయనకు పుట్టుకతోనే రాదు.

"రాసినానప్పా. నా సేత్తోనే ఎక్కించినాను. పిన్ను లాగి సూపించినాను. ఇమానం కదలబోతుండగా యుద్ధం ఆగిపోయింది, దించెయ్యమన్నారు. పిన్ను మళ్ళీ దూర్సేసినాను."

వదిన ముఖం చూడడానికి నాకు భయమేసింది. "లాగినోడివి, మళ్ళీ దూర్సడానికి నీకు సెయ్యెలాగాడిందిరా?"

"ఆర్డరప్పా."

"మీ బావ మీద ఏసినోడికీ ఆర్డరేరా! ఆడు ఆగినాడా?"

ఆ తర్వాత తమ్ముడితో ఆవిడ మాట్లాడలేదు. మా ఇంటికొచ్చేది, పిల్లలకు జీడిపప్పు వేయించి పెట్టేది, తమ్ముడికి అన్నం కూడా వడ్డించేది. మాట మాత్రం లేదు. ఆయన కూర వద్దంటే విననట్టే ఇంకో గరిటె వేసేది. నాకు ఒళ్ళు మండేది. చెయ్యి కాల్చుకున్నవాడికి ఇదా బహుమానం? ఒకనాడు ఉండబట్టలేక కడిగేశాను. ఆవిడ శాంతంగా "నీ మొగుడు నీ పక్కనున్నాడు, నీకేటి తెలస్తాది మరదలా" అంది.

మొన్నామధ్య మా ఆయన గుండెపోటుతో పోయినప్పుడు ఆ మాట నాకు ఎక్కింది. నా గాజులు తియ్యడానికి వస్తే నేనే చేతులు చాపాను. చాపకేం చేస్తాను? పగ పట్టడానికి నాకెవరున్నారు, గుండెపోటు మీద ఎవరు బాంబేస్తారు? వదిన తమ్ముడి తల దగ్గర కూర్చుని, ఆ కాలిన వేళ్ళు నిమురుతూ, అన్నేళ్ళ తర్వాత ఆయనతో మాట్లాడింది. "నా పని సెయ్యకుండానే ఎలిపోనావేటిరా తమ్ముడా" అంది. అప్పుడు కూడా అదే మాట! కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు.

ఆటో దిగి లోపలికి వెళ్ళేసరికి వదిన టీవీకి జానెడు దూరంలో చాప మీద కూర్చుని ఉంది. ఎముకలు తేలిన చేతులకు గాజులు వదులై మోచేతుల దాకా జారుతున్నాయి. తెర మీద విమానాలు లేస్తున్నాయి, ఎక్కడో ఇళ్ళు కూలుతున్నాయి. నేను మిఠాయి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఏసేసినారు వదినా. ఇంక సాలదా?"

"ఎవుల పేర ఏసినారు?"

"మొన్న ఆళ్ళు సంపేసిన మనోళ్ళ పేర."

"మంచిదే. ఆళ్ళది ఆళ్ళకి ముట్టింది." మిఠాయి విరిచి నోట్లో వేసుకుంది. పళ్ళు లేని నోటితో నిదానంగా నమిలి, మింగి, నా వైపు తిరిగింది. "నాదేదీ?"

ఆవిడ మళ్ళీ టీవీ వైపు తిరిగింది. తెర మీద ఇంకో ఇల్లు కూలాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కళ్ళల్లో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు.

"నా మొగుడి మీద ఏసినోడూ నాలాగే ముసలోడైపోయుంటాడు గదా మరదలా. మంచమ్మీద, మనవల సేతిలో నీళ్ళు తాగి, సుకంగా సచ్చిపోతాడేటి?"

కాలమే అన్నిటినీ మాన్పుతుందని అందరూ అంటారు. మా వదినకు మాత్రం కాలం కూడా వాడి తరఫునే నిలబడింది.