తమ్ముడి పొట్ట మునగని గోదావరి

మా తమ్ముడు ప్రవీణ్‌కి బకెట్ నిండా నీళ్లు చూస్తేనే గుండె దడ. అలాంటివాడు పెళ్లి కోసం గోదావరిలో మునుగుతానని ఒప్పుకొచ్చాడు. పిల్ల సునీతది మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్ బొగ్గుగనుల కాలనీ. అన్నీ కుదిరాక వాళ్ల బాపమ్మ, అంటే నాన్న తల్లి శాంతమ్మ గారు, ఒకే ఒక్క మాట అన్నారట: "పిలగాడు మంచోడే, గని మున్గలే. మున్గనోనికి మా పిల్లనియ్యం." మా చర్చిలో చంటిపిల్లలకే నుదుటి మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చేస్తారు. వాళ్ల చర్చిలో అది చెల్లదు. బుద్ధెరిగిన మనిషి తానే ఒప్పుకుని నిలువునా మునగాలి, వెంట్రుక కూడా పైకి తేలకూడదు. ఈ పని మీద కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్లాల్సినవాళ్లు మా ఇంట్లోనే కాక ఇంకా ఉంటారని నా అనుమానం, అందుకే రాస్తున్నాను.

బస్సులు బోలెడున్నాయి. కానీ వచ్చేటప్పుడు తడిబట్టలతో ఎవరెక్కనిస్తారని రెండున్నర వేలకు కారు మాట్లాడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరాం. పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా రెండు గంటల పైచిలుకు దారి. ఎండాకాలం కాబట్టి ఎంత తొందరగా బయల్దేరితే అంత మంచిది. పెద్దపల్లిలో టిఫిన్‌కి ఆగాం. భయమేస్తే మా వాడికి ఆకలెక్కువ. మూడు ప్లేట్ల ఇడ్లీ లాగించి పూరీ కూడా చెప్పాడు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, చాయ్ కూడా ముట్టలేదు.

డ్రైవర్ మల్లేశం కారులో కొండగట్టు అంజన్న ఫొటో పెట్టుకున్న మనిషి. సంగతి విని తెగ సంబరపడ్డాడు.

"మేం గోదాట్ల మూడు మున్కలేస్తం మేడం. మీకు ఒక్కటేనా?"

"మూడేసేవాళ్లూ ఉన్నారన్నా," అన్నాను. నేను ఆస్పత్రిలో నర్సును, నాతో పనిచేసే మలయాళీ అమ్మాయి వాళ్ల చర్చిలో పసిబిడ్డను తొట్టిలో కూర్చోబెట్టి తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర మూడుసార్లు నీళ్లు పోస్తారు. కాథలిక్కులూ చంటిబిడ్డ తల మీద పోస్తారు. మావాళ్లు చిలకరిస్తారు. బిడ్డ తరఫున తల్లిదండ్రులు మాటిస్తారు, పెద్దయ్యాక బిడ్డ నిలబడి ఆ మాట తనదే అని ఒప్పుకుంటాడు. ముంచేవాళ్లేమో పాతమనిషి చచ్చి పాతిపెట్టబడ్డాడు, కొత్తమనిషి లేచాడు అంటారు. ఇదంతా చెబితే మల్లేశం తల గీరుకున్నాడు.

"నీళ్లయితే అవే గద మేడం. మరి లొల్లెందుకు?"

వెనక సీట్లోంచి అవ్వ అందుకుంది. "గదే అడుగు బిడ్డా. ఏడో నెలల పుట్టిండు వీడు. నా అరచేతుల పట్టేటోడు. బతుకడన్నరు. మా చర్చి అయ్యగారు దవాఖానకే వచ్చి, రెండు సుక్కలు నెత్తిమీద పెట్టి పేరు పెట్టిండు. ఇప్పుడు గది ఉత్తదంటే నాకెట్లుంటది?" అంతలో గోదావరి వంతెన వచ్చింది. నాకైతే ఏడుపొచ్చింది. పెళ్లి ఆగితే తమ్ముడు కుమిలిపోతాడు, మునిగితే అవ్వ కుమిలిపోతుంది.

మంచిర్యాల దగ్గర ఒడ్డున సునీత, శాంతమ్మ గారు, పాస్టర్ గారు ఎదురుచూస్తున్నారు. ఎనభై దాటిన ముసలమ్మ, చేతికర్ర పట్టుకుని ఇసుకలో నిటారుగా నిలబడింది. ఆమె భర్త గనిలో పనిచేసి రిటైరయ్యాక పోయాడు. ప్రవీణ్ మొహం చూసి ధైర్యం చెప్పింది.

"పరేషాన్ గాకు బిడ్డా. మా ముసలాయన దినాం బొగ్గుబాయిల దిగేటోడు. భూమి కిందికి పోతే మల్లొచ్చేదాక నమ్మకం లేదు. వచ్చిండంటే కొత్తగ పుట్టినట్టే. బాప్తిస్మమన్నా గదే."

మునకకు ఇంతకంటే మంచి అర్థం నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. మా వాడికి మాత్రం భయం రెట్టింపయింది.

"అయ్యగారూ, మోకాలు దాటితే నేను రాను," అన్నాడు. అందరూ నడుములోతులో నిలబడి వెనక్కి వాలతారు. పాస్టర్ గారు జాలిపడి మోకాలిలోతు పాయ వెతికారు. అక్కడే వచ్చింది చిక్కు. అంత తక్కువ నీళ్లలో పడుకుంటే గానీ మునగడు. పాస్టర్ గారు సన్నటి మనిషి. వీడి ముక్కుకు రుమాలు అడ్డంపెట్టి, ప్రార్థన చెప్పి, వెనక్కి పడుకోబెట్టారు. తల మునిగింది, కాళ్లు మునిగాయి. తెల్లచొక్కా లోపల పొట్ట మాత్రం ఎండలో నిగనిగలాడుతూ పైనే ఉంది.

"కడుపు మున్గలే! మల్ల!" ఒడ్డునుంచి ముసలమ్మ కేక.

రెండోసారి పొట్ట నొక్కితే కాళ్లు లేచాయి. మూడోసారి మల్లేశం ప్యాంటు మడిచి దిగి కాళ్లు పట్టుకున్నాడు. అంజన్న భక్తుడు కాళ్లు పట్టుకున్నాడు, పాస్టర్ గారు భుజాలు నొక్కుతున్నారు, మా వాడు నీళ్లు మింగి "అవ్వా!" అని అరుస్తున్నాడు, పొట్ట మాత్రం కదల్లేదు. సునీత కొంగు నోట్లో కుక్కుకుని ఇసుకలో కూలబడి నవ్వుతోంది.

"జర లోతుకు పోదామా?" అన్నారు పాస్టర్ గారు. "సచ్చినా పోను," అన్నాడు వీడు. ముసలమ్మ కాసేపు చూసి, విసుగొచ్చి, "గింత కాడికి ఎందుకాపుడు? చెంబుతోని పొయ్యుండ్రి, అయిపోతది," అంది.

చూడనని కారులో కూర్చున్న అవ్వ, కొడుకు అరుపుకి ఎప్పుడు దిగొచ్చిందో, కారులోని మా నీళ్ల చెంబు పట్టుకుని పాయలోకి నడిచింది. గోదావరి నీళ్లు నింపి కొడుకు పొట్ట మీద మెల్లగా పోసింది. ఆ తర్వాత ముసలమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఇంత కడుపుకు పోస్తే చెల్లింది. నా చేతిల పట్టేటప్పుడు వాని నెత్తికి రెండు సుక్కలు ఎందుకు చెల్లలే? అంతకంటె ఎక్కువ పోస్తే సచ్చిపోతుండె." దవాఖాన సంగతంతా అక్కడే, నీళ్లలో నిలబడి చెప్పింది. ఈసారి ఏడ్చేసింది.

ముసలమ్మ కర్ర ఇసుకలో గుచ్చి, తడిసినా లెక్కచేయకుండా పాయలోకొచ్చి అవ్వ చెయ్యి పట్టుకుంది.

"చెల్లింది బిడ్డా. గప్పుడే చెల్లింది. నాకెవలు చెప్పలే."

నీళ్లోడుతూ లేచి కూర్చున్నాడు మా వాడు. "అంటే నేను ఉత్తగనే మునిగిన్నా?"

మధ్యాహ్నం సునీతవాళ్ల కాలనీ క్వార్టర్‌లో కోడికూర, జొన్నరొట్టె పెట్టారు. ముసలమ్మ మొదటి రొట్టె అవ్వకే వడ్డించింది. ఎవరి చర్చి గెలిచిందో నాకిప్పటికీ తెలీదు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మా అవ్వ మూడు రొట్టెలు తిన్నది, అది చూసి నా కడుపు నిండింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: రెండు జతల బట్టలు ఎలాగూ పెట్టుకుంటారు, ఒక చెంబు కూడా పెట్టుకోండి. మీది ఏ చర్చి అయినా సరే.