స్టాపులో దిగని పేర్లు

ఆ రోజుల్లో చదువంటే అక్షరాలు రావడమే అనుకునేదాన్ని. అక్షరాల మధ్య ఖాళీకి కూడా చదువు కావాలని నాకెవరు చెప్పారు? నాకు పెళ్లయి, బిడ్డ నడక నేర్చాక గానీ అ ఆలు రాలేదు. (పలక కోసం బిడ్డా నేనూ కొట్లాడుకునేవాళ్లం.) అలాంటి నన్ను, ప్రొద్దుటూరులో పెళ్లిపత్రికలు అచ్చువేసే మా బావ తన అంగట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "తప్పు చేసినావో, మళ్లా జమ్మలమడుగు పోయి మేకలు తోలుకోవల్ల" అని ముందే చెప్పాడు.

ఒకరోజు పులివెందుల నుంచి ఒక పెద్దాయన తన కొడుకు పెళ్లిపత్రిక వేయించడానికి వచ్చాడు. ఆహ్వానించేవాళ్లలో ఎడమవైపు ఆడపిల్లవాళ్ల పేర్లు, కుడివైపు వీళ్లవి. కుడి వరుస తిన్నగా రావాలని స్పేసు కొట్టి కొట్టి సర్దాను. తెర మీద చేనులో సాళ్లలా ఉన్నాయి. బావ అక్షరాల తీరు మార్చి అచ్చు తీశాడో లేదో, పెద్దాయన పేరు వెనక్కి జరిగి, కిందున్న తమ్ముడి పేరు ముందుకు దూకింది. (అన్నదమ్ములకు మాటల్లేవని మాకేం తెలుసు!)

"ఏందప్పా ఇది? వాడు నాకంటే ముందర నిలబడినాడే! ఊర్లోనే ఒప్పుకోను, నా కొడుకు పత్రికలో ఒప్పుకుంటానా? వేరే అంగడికి పోతాండా" అని పెద్దాయన లేచాడు.

బావ ఆయన్ను బతిమాలి కూర్చోబెట్టి నా మీద పడ్డాడు. "స్పేసు కొట్టినావా పిల్లా?"

"కొట్టినా బావా. సమంగానే కొట్టినా."

"స్పేసంటే నడక. నడిచేటోళ్లు తలా ఒక తావున ఆగుతారు. ట్యాబంటే బస్సు. ఎక్కినోళ్లంతా ఒకే స్టాపులో దిగుతారు" అంటూ పైనున్న స్కేలు మీద స్టాపు గుర్తు పెట్టి చూపించాడు.

హుషారుగా ట్యాబు కొట్టాను. కర్సరు నేను టైపు చేసే పెట్టెలోంచి ఎగిరి, కింద క్యాన్సిల్ బటన్ మీద వాలింది. చూసుకోకుండా ఎంటర్ కొట్టాను. పేర్లన్నీ మాయం.

"ఇప్పుడు మా వంశమే లేకుండా పాయె!" అన్నాడు పెద్దాయన.

"కంట్రోల్ పట్టుకోని కొట్టల్ల తల్లీ! ఉత్త ట్యాబు కొడితే బస్సు పెట్టె దాటి పోతాది" అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

కంట్రోల్ పట్టుకుని మళ్లీ అంతా కొట్టాను. పెద్దాయన కొత్త అచ్చును వెలుతురుకు పెట్టి శానాసేపు చూశాడు. నా కళ్ల ముందు మేకలు తిరుగుతున్నాయి. "బాగుండాది. అందరూ సమంగా నిలబడినారు" అన్నాడు. బావ టీ చెప్పడానికి బయటికి పోగానే నా దగ్గరికి వంగి, "అమ్మా, నా పేరొక్కటి రవ్వంత ముందరికి రాదా?" అని గొణిగాడు.

ఎందుకు రాదు? ఆ వరుసలో మిగతా పేర్లన్నింటి ముందూ ఒక్కో స్పేసు కొట్టి వెనక్కి జరిపాను. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే కదా! ఆయన నవ్వుకుంటూ పోయాడు, నా పనీ నిలిచింది.

ఇప్పటికీ పెళ్లిపత్రిక చేతికొస్తే ముహూర్తం కంటే ముందు పేర్ల అంచులే చూస్తాను. అన్నీ తిన్నగా ఉంటాయి. పాపం, వీళ్లలో ఎవరికీ రవ్వంత ముందుకు రావాలనిపించలేదా, లేక అడగడానికి నాలాంటిది దొరకలేదా అని ఈ వయసులో బెంగ పెట్టుకుంటాను.