రేకుల గదిలో కడప బండ

ఆ రోజుల్లో ఢిల్లీ చలికాలపు ఎండ ఇప్పటికన్నా మెత్తగా ఉండేదనిపిస్తుంది. పొగమంచు పల్చబడుతుంటే ఆవచేల మీదికి నిద్రలో నడిచినట్టు దిగివచ్చేది. (కాలుష్యం గురించి ఇప్పుడు నాకు పాఠాలు చెప్పేవాళ్లెవరూ ఆ ఎండ చూసిన పాపాన పోలేదు.) ద్వారక ఇంకా సగం పొలాలుగా ఉన్న కాలం. కంటోన్మెంటులో నాకు పెద్దదిక్కయిన సుబేదారుగారు, ఒంగోలు వైపు మనిషి, ఆ ఎండ కోసమే అక్కడొక రేకుల గది కట్టుకున్నారు. కరెంటు లేదు, హీటరు లేదు. క్రిస్మస్ మొదలు చలి తగ్గేదాకా ఆదివారాలు మా తెలుగు కుటుంబాలు అక్కడ ప్రార్థనకు చేరాలన్నది ఆలోచన. మిగతా కాలం తాళం. నేల ఏది వేయాలన్నదే సమస్య.

నేనా వేసవిలోనే కడప నుంచి వచ్చి స్టోర్సులో గుమాస్తాగా చేరాను. కాలేజీ గడప తొక్కకపోయినా, దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద కొన్న గృహనిర్మాణ పుస్తకాన్ని బట్టీ పట్టినవాణ్ణి. సలహా చెప్పడానికి నేను తొందరపడటానికి అసలు కారణం వేరే ఉంది. సుబేదారుగారి మేనకోడలు ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయిని నాకిస్తారా లేదా అన్నది ఆయన మాట మీదే ఉంది.

"చెక్క వేస్తే చెదలు సార్. కార్పెట్టు వేస్తే వానాకాలం దాటి తాళం తీసేసరికి బూజు. లినోలియం షీటు చలికి పెళుసెక్కి పగుల్తాది. మా కడప బండ వేయండి, మన మనవళ్ల కాలానికి కూడా చెక్కుచెదరదు" అన్నాను. ఆ 'మన' దగ్గర ఆయన కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూశారు.

జూన్‌లో బండలు పరిచాం. బూట్లు విప్పి పాదం మోపిన సుబేదారుగారు కళ్లు మూసుకుని, "అబ్బ! మా ఇంటి అరుగు మీదున్నట్టుందయ్యా" అన్నారు. ఆ వడగాలిలో డిసెంబరు ఎవరికి గుర్తొస్తుంది?

డిసెంబరు మాత్రం మరిచిపోకుండా వచ్చింది. అలవాటు చొప్పున అందరం గుమ్మం బయట చెప్పులు విడిచాం. పక్క పొలం సర్దార్జీ చూసి, "అరే భాయ్, జూతే పెహన్ లో, జమ్ జాఓగే!" అని, జోళ్లు వేసుకోకపోతే గడ్డకట్టిపోతారని కేకేశాడు. ప్రార్థన గదిలోకి చెప్పులతోనా? వెళ్లి మోకరించాం. సుబేదారుగారి ప్రార్థనంటే మామూలుగా మంచుకొండల్లోని జవాన్ల నుంచి ఒంగోలులో మేనత్త కీళ్లనొప్పుల దాకా అందరినీ పలకరిస్తే గాని ముగియదు. ఆ రోజు "ప్రభువా, నీకన్నీ తెలుసు, ఆమెన్" అని లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. (పళ్లు టకటకలాడుతుంటే నవ్వు రాదు.)

"ఏమయ్యా కడపా! ఇది నేలా, ఐసుగడ్డా? నీ చేతిలో పిల్లనెట్టా పెట్టమంటావు?"

"మీరు మన్నిక అడిగారు సార్, వెచ్చదనం అడగలేదు!" అన్నాను రోషంగా. (ఇప్పటికీ అదే అంటాను.)

అప్పటిదాకా ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని నిలబడ్డ మేనకోడలు నోరు విప్పింది. "బండ తప్పేం లేదులే మామయ్యా. అన్నీ ఆలోచించారు, మన కాళ్ల సంగతే మర్చిపోయారు. వచ్చే వారం గోనెలేసి పైన జంపఖానాలు పరుద్దాం." తర్వాత నా వైపు తిరిగి, "మీరు ముందు మేజోళ్లు కొనుక్కోండి, గోళ్లు నీలంగా ఉన్నాయి" అంది.

సుబేదారుగారు ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూసి, "అచ్ఛా... ఇదా సంగతి" అన్నారు.

ఆ పొలాలూ లేవు, ఆ గదీ లేదు. గది పడగొట్టిననాడు బండలు మోయించుకొచ్చి మా బాల్కనీలో పరిపించాను. ఒక్క పగులు లేదు, కావాలంటే వచ్చి చూడండి. చలికాలం పొద్దున్నే పంతం కొద్దీ వాటి మీద ఒట్టికాళ్లతో నిలబడతాను. లోపలి నుంచి మేజోళ్ల జత ఎగిరొచ్చి వీపుకు తగులుతుంది. వెనక్కి తిరగను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిన అలికిడి వినిపించాక, మెల్లగా వంగి తొడుక్కుంటాను.