హమీద్ భాయ్ కోయని వైరు

ఈ మధ్య మా వీధిలో ఒక బ్యాటరీ బండి సన్నగా కూత పెడుతూ నన్ను దాటిపోయింది. నంబరు ప్లేటు లేదు, వేగం మాత్రం మోటరు సైకిలుకు తక్కువేమీ కాదు. ఆ కూత వినగానే హమీద్ భాయ్ గుర్తొచ్చాడు.

చౌటుప్పల్‌లో ఆయనది బ్యాటరీ బండ్ల దుకాణం. నలభైకి దగ్గరపడి, ఫ్యాక్టరీ పని పోయి తిరుగుతున్న నన్ను చేర్చుకుని, ఓపికగా పని నేర్పాడు. మేము అమ్మేవి చిన్న మోటరు ఉన్న బ్యాటరీ బండ్లు. గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటవు గనుక వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ వేగాన్ని పట్టి ఉంచేది సీటు కింద ఒక తెల్ల వైరు. దాన్ని కోస్తే బండి నలభై అయిదు అందుకుంటుంది. కొన్నవాళ్లంతా కోయమనే అడిగేవారు.

"గా వైరు ఉన్నంత సేపే ఇది సైకిలు లెక్క. కోస్తే మోటరు బండి అయితది. నంబరు, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలె. కోసిన బండికి నంబరు ఎవ్వరియ్యరు" అనేవాడు హమీద్ భాయ్.

మందుల ఫ్యాక్టరీలో కాపలా పని చేసే భిక్షపతి ఒక శుక్రవారం వచ్చాడు. హమీద్ భాయ్ నమాజుకు వెళ్లాడు.

"జర చూడన్నా. ఎడ్లబండి సుత నన్ను దాటిపోతాంది. డ్యూటీకి రోజూ లేటే."

నేను కటింగ్ ప్లేయర్ తీశాను.

"సేటు ఏమనడా?"

"సేటుకు చెప్పే కోస్తున్న."

అది అబద్ధం. అంతకుముందు నలుగురికీ ఇదే మాట చెప్పి కోశాను.

వారం తిరగకముందే భిక్షపతి హైవే మీద డివైడర్‌కు గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు. కోసిన వైరు చూసి రవాణా అధికారి దుకాణానికి వచ్చాడు. సేటు ఒప్పుకున్నాకే కోశారని భిక్షపతి దవాఖానలో చెప్పాడట. హమీద్ భాయ్ నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

"దుకాణం నాది సార్. జవాబు నేనే చెప్త" అన్నాడాయన.

అధికారి వెళ్లాక మెల్లగా అడిగాడు. "ఇంకెన్ని కోసినవ్ నర్సింహా?"

"నాలుగు, భాయ్."

తిట్టలేదు. మర్నాడు నన్ను బండి మీద ఎక్కించుకుని రామన్నపేట, మోత్కూర్ తిప్పి నాలుగింటికీ నా చేతనే అతుకు వేయించాడు. మోత్కూర్‌లో కిరాణా కొట్టు నడిపే ఆమె ఎగతాళి చేసింది. "నువ్వే కోయిస్తివి, నువ్వే అతికిస్తివి. గిదేం తమాష భాయ్?"

వైర్లు నా చేతిలోనే ఉన్నాయి. నేను నోరు విప్పలేదు.

"జర తప్పైందమ్మా" అన్నాడు హమీద్ భాయ్.

తిరిగి వస్తుంటే దారిలో ఒక్క మాటే అన్నాడు. "ఆడనన్న చెప్తవనుకున్న."

కంపెనీ ఏజెన్సీ తీసేసింది, దుకాణం మూతపడింది. ఆయన సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికి, నిరుడు పోయాడు. ఆయన నేర్పిన పనితోనే నేను ఇంకో దుకాణంలో కుదురుకున్నాను. చాయ్ హోటల్లో ఎవరైనా "వైర్లు కోసే హమీద్" అంటే విని, చాయ్ తాగి లేచి వచ్చేవాణ్ణి.

హమీద్ భాయ్ ఒక్క వైరూ కోయలేదు. అయిదూ నేనే కోశాను, ఆయన పేరు వాడుకుని. మొన్న భిక్షపతి ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పాను. ఆయన కుంటుతూ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి.